చందా పుస్తకం

ఆదివారం సర్వసభ్య సమావేశం.
కోశాధికారిని కాబట్టి లెక్క నేనే చదవాలి.
బుజబుజ నెల్లూరు, హైవే దాటినాక మూడో అడ్డరోడ్డు,
రేకుల షెడ్డు, ఒక్క ట్యూబ్‌లైటు.
క్యారమ్స్ బోర్డు మీద చల్లిన పౌడరు
నా పద్దుల మీద కూడా పడి ఉంటుంది.

జమ: నెలకి ముప్పై రూపాయలు, నలభై ఒక్క మంది.
ఇచ్చింది ఇరవై ఆరుగురు.
మిగతా పదిహేను మందినీ అడగబోతే
"ఇస్తాంలే అన్నా, యాడికి పోతాం" అంటారు.
నిజమే, యాడికీ పోరు.
అర్ధరాత్రి ఫోను చేస్తే
చెప్పులు కూడా లేకుండా వచ్చేది ఆ పదిహేను మందే.

ఖర్చు: ఫ్రీజర్ బాక్సు మరమ్మతు, నాలుగు వేల రెండొందలు.
ఆ పెట్టెకి మేం అద్దె తీసుకోం.
ఎవరింట్లో దీపం కొండెక్కినా
పెంచలయ్య తన టాటా ఏస్‌లో వేసుకుని పోతాడు.
ఆ వీధిలో హారన్ కొట్టడు.
ప్లగ్గు ఎక్కడుందో గొంతు తగ్గించి అడుగుతాడు.
మొన్న వైరు పనిచేయని ఇంట్లో
పక్కింటి కిటికీలోంచి లాగాడు.
గోడ తగాదాతో మూడేళ్లుగా మాటల్లేని పక్కిల్లు అది.
తెల్లార్లూ కరెంటు ఇచ్చింది.
దీన్ని ఏ పద్దు కింద రాయను?

గోడ మీద రక్తం గ్రూపుల చార్టు.
ఓ నెగటివ్ కింద ఒకటే పేరు:
ఖాదర్ మస్తాన్, పంచర్ షాపు.
ఉపవాసాల నెలలో పెద్దాసుపత్రి నుంచి ఫోనొస్తే
"ఇఫ్తార్ దాకా ఆగుద్దా ఆ ప్రాణం?" అని అడిగి
జవాబు వినకుండానే షట్టరు దించేశాడు.
ఆ బిడ్డకిప్పుడు మూడేళ్లు.
వాళ్లమ్మ ఆ దారిన పోతా స్కూటీ ఆపుతుంది,
గాలి సరిగ్గా ఉన్నా.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా
శేషారత్నం టీచరు పిల్లలకు షెడ్డు ఇచ్చేయాలి.
ఆట ఆగిపోయిందని మొదట్లో అలిగిన కుర్రాళ్లే
కరెంటు పోతే సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని నిలబడతారు.
పదమూడో ఎక్కం దగ్గర
పిల్లలతో పాటు వాళ్లూ తడబడతారు.

చవితి ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దదని
రెండు నెలలు రెండు గుంపులుగా తిరిగాం.
ప్లాస్టిక్ కుర్చీలు విరిగినవి: మూడు.
ఖర్చులో ఉంది. దాచను.

ఆ రెండు గుంపులూ కలిసింది వాయుగుండం రోజున.
కాలవకి గండి పడి నడుముల్లోతు నీళ్లు.
లారీ ట్యూబులు, శామియానా గుంజలు, వాలీబాల్ నెట్టు,
ఆస్తుల జాబితాలో ఉన్నవన్నీ కట్టి తెప్ప చేశాం.
తెప్ప ఉంది గానీ దారి తెలియదు.
చేపలు పట్టే పోలయ్య వచ్చి
కర్రతో నేల తడుముతా ముందు నడిచాడు.
ఎక్కడ మురుగు గుంట నోరు తెరుచుకుందో
ఆయన పాదాలకి తెలుసు.
ముసలోళ్లు, బాలింత, రెండు మేకలు, ఒక కుట్టు మిషను,
అన్నీ ఒడ్డున పడ్డాయి.

ఆయనకి సభ్యత్వం లేదు.
ఇస్తామంటే నవ్వి, చందా బదులు
బకెట్టులో రెండు కొరమేన్లు తెచ్చి పెట్టాడు.
జమ ఎట్టా రాయాలో తెలియక వండుకుని తిన్నాం.
ఆడిటరు అడిగితే ఇదే చెబుతా.

నిల్వ: పదకొండొందల నలభై.
అక్షరాలా...

బయట టాటా ఏస్ స్టార్టయిన చప్పుడు.
ఎవరింట్లోనో.
పుస్తకం మూసి, చేతికంటిన పౌడరు దులుపుకుని లేస్తున్నా.
పెట్టెకి రెండో పక్క పట్టేదానికి
ఒక మనిషి తక్కువంట.